నాలుగు వందల ఎనభై ఏడో ఆటగాడు

ఫిబ్రవరి రెండో ఆదివారం మధ్యాహ్నం మూడు గంటల ముప్ఫై ఒక్క నిమిషానికి సెల్విన్ బూత్‌రాయిడ్ తన శాండ్‌విచ్ డబ్బాను హారన్ మీట మీద పెట్టాడు. బల్ల అనుకుని పెట్టాడు. హారన్ మోగింది. మైదానంలో ఉన్న ఇరవై ఆరుగురు ఆటగాళ్ళూ మొదటి సగం అయిపోయిందనుకుని, బురద దులుపుకుంటూ గదుల్లోకి వెళ్ళిపోయారు. వాళ్ళ వెనకాలే రిఫరీ కూడా వెళ్ళాడు. రగ్బీ లీగ్‌లో కాలం చూడటం రిఫరీ పని కాదు. స్టాండు పైన పావురాల గూడులాంటి గదిలో కూర్చునే ఇద్దరు సమయపాలకుల పని. ఒకరు ఇంటి జట్టు మనిషి, ఒకరు వచ్చిన జట్టు మనిషి. వచ్చినాయన సరిగ్గా ఆ క్షణంలో ఫ్లాస్కు మూతతో కుస్తీ పడుతున్నాడు.

ఆటగాళ్ళకి టీ పోశారు. లాటరీ చీటీ తీశారు, గెలిచినామె స్టాండులో లేచి నిలబడి చెయ్యి ఊపింది. 'పై' అనే మాంసం కూరిన రొట్టె, మెత్తటి బఠాణీ అమ్మే కిటికీ ముందు నలభై మంది వరసకట్టారు. అప్పుడు మైకులో చెప్పారు, ఇంకా తొమ్మిది నిమిషాల ఆట మిగిలే ఉందని, దయచేసి అందరూ వెనక్కి రావలసిందని. బూట్లు విప్పేసినవాళ్ళు మళ్ళీ తొడుక్కున్నారు. రొట్టె కొనుక్కున్నవాళ్ళు గబగబా మింగారు, వరసలో నిలబడ్డవాళ్ళు అదీ లేకుండా పోయారు. ఆ తొమ్మిది నిమిషాల్లో హాగ్‌థోర్ప్ జట్టు అవతలివాళ్ళని రెండుసార్లు గీత దాటనిచ్చి, రెండు ట్రైలు సమర్పించుకుంది. సీజన్ మొట్టమొదటి ఆట కోడిగుడ్డు శాండ్‌విచ్ వల్ల ఓడిపోయామని ఊరంతా తీర్మానించింది.

సెల్విన్‌కి ఒక పేరుందని ఊళ్ళో చాలామందికి ఆ రోజే తెలిసింది. అంతకుముందు పంతొమ్మిదేళ్ళుగా ఆయన ఉత్త హారనాయన.

హాగ్‌థోర్ప్‌లో బొగ్గుగని మూతబడింది. తివాచీల మిల్లు మూతబడింది. మిగిలినవి చర్చి, చేపల దుకాణం, రగ్బీ క్లబ్బు. వీటిల్లో జనం మనసారా తిట్టుకునేది క్లబ్బునే. జెర్సీ మీద ఒంటికాలి కొంగ బొమ్మ ఉంటుంది కాబట్టి జట్టుని కొంగలంటారు. ఆటగాళ్ళకి జీతాలిస్తారు గాని ఆ జీతం మీద బతకలేరు. ఒకడు పగలు ప్లంబరు, ఇద్దరు జైలు వార్డర్లు, కెప్టెన్ ప్రాథమిక పాఠశాలలో పిల్లలకి గంతులు నేర్పుతాడు. ఆ ఏడు ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా కొంగలకి ఒక్క చేపా పడలేదు, అంటే ఒక్క ఆటా గెలవలేదు. ఏప్రిల్ చివర్లో ఒకటి పడింది, అదీ అవతలి జట్టు బస్సు చెడిపోయి, ఆటగాళ్ళు సగం దూరం నడిచివచ్చిన రోజున.

సెల్విన్‌కి అప్పటికి అరవై ఏడు. కొండమీద వీధిలో, వాళ్ళ నాన్న కట్టించిన ఇంట్లో ఒక్కడే ఉండేవాడు. పెళ్ళి చేసుకోలేదు. చేసుకోననీ అనలేదు. బస్ డిపో టికెట్ల కిటికీలో కూర్చునే డోరీన్‌తో రెండు వేసవులు నడకకి వెళ్ళాడు. మూడో వేసవికి డోరీన్‌కి సముద్రపుటూరికి బదిలీ అయింది. ఉత్తరం రాయాలనుకుంటూ ఉండగా ఆమెకి ఇద్దరు పిల్లలు పుట్టారు. తరువాత తల్లికి జబ్బుచేసింది. ఆవిడ తొంభై ఒకటో ఏట పోయింది. అప్పటికి ఆయనకి కొత్తగా ఏదైనా మొదలుపెట్టాలంటే మొహమాటంగా ఉండే వయసు వచ్చేసింది.

ఉద్యోగం ముప్ఫై ఆరేళ్ళు ఒకే గదిలో చేశాడు, బస్సుల్లో జనం మరిచిపోయిన వస్తువుల గదిలో. గొడుగులు, చేతితొడుగులు, పెట్టుడు పళ్ళు, ఒకసారి మనిషంత ఎత్తున్న ఇత్తడి బాకా. వస్తువు నాదేనని వచ్చినవాళ్ళందరినీ సెల్విన్ ఒకటే మాట అడిగేవాడు: "ఆనవాలేమైనా ఉందాండీ?" మూడు నెలలు ఎవరూ రాకపోతే ఆ వస్తువు వేలానికి పోయేది. వేలంలో కూడా ఎవరికీ అక్కర్లేకపోతే వెనకాల పెరట్లో కాల్చేసేవాళ్ళు.

రిటైరయ్యాక ఆయన వారంలో మాటలు బాగా తగ్గిపోయాయి. ఆదివారం పొద్దున స్నానాల గదిలో నిలబడి "నమస్కారమండీ, ఇవాళ వాన పడేట్టుంది" అని రెండుసార్లు బయటికే అనుకునేవాడు, గొంతు పనిచేస్తోందో లేదో చూసుకోవడానికి. సోమవారం నుంచి దాన్ని వాడి ఉండడు గదా.

ఆదివారం మటుకు పండగే. రెండు వారాలకొకసారి సొంత మైదానంలో ఆట. ఇనుప నిచ్చెనెక్కి ఆ గూట్లోకి వెళితే, ఎక్కడో దూరపు ఊరినుంచి వచ్చిన సమయపాలకుడు పక్క కుర్చీలో ఉండేవాడు. ఆట ఎనభై నిమిషాలు, మధ్య విరామం పది. తొంభై నిమిషాల చుట్టం. సెల్విన్ దగ్గర చెప్పదగ్గ కథలు మూడున్నాయి. పెట్టుడు పళ్ళది, ఇత్తడి బాకాది, పారేసుకోని చేతితొడుగు కోసం ప్రతి శుక్రవారం వచ్చే ముసలావిడది. చుట్టం ప్రతిసారీ మారుతాడు కాబట్టి కథలు పాతబడేవి కావు.

నాలుగో కథ ఒకటుంది. అది ఎవరికీ చెప్పలేదు.

రగ్బీలో లీగ్, యూనియన్ అని రెండున్నాయి. ఒక తాత మనవలే. ఆస్తి దగ్గర తగువొచ్చి విడిపోయిన దాయాదులు. యూనియన్‌వాళ్ళు డబ్బు ముట్టని పెద్దమనుషులు. లీగ్‌వాళ్ళు గనిలో పనిచేసి, ఆడినరోజుకి కూలి అడిగే మనుషులు. సెల్విన్ కుర్రవాడుగా ఉన్న రోజుల్లో యూనియన్ ఆటగాడు లీగ్‌లో ఒక్క నిమిషం ఆడినా సరే, జీవితాంతం వెలి. మైదానంలోకి కాదు గదా, వాళ్ళ బారులోకి కూడా అడుగుపెట్టనిచ్చేవారు కారు. అందుకని లీగ్ క్లబ్బులు యూనియన్ పిల్లల్ని గుట్టుగా పిలిచి పరీక్షించేటప్పుడు, ఆటగాళ్ళ జాబితాలో పేరుండాల్సిన చోట "ఇంకొకరు" అని అచ్చేయించేవారు. ఆ "ఇంకొకరు" ఎవరో తెలిసినవాళ్ళు చెప్పేవారు కారు, తెలియనివాళ్ళు అడిగేవారు కారు.

సెల్విన్ తండ్రి పెద్దబడిలో భూగోళం మాస్టారు, యూనియన్ క్లబ్బు కమిటీలో కార్యదర్శి. పందొమ్మిది వందల అరవై తొమ్మిది నవంబరు ఎనిమిది, శనివారం. పందొమ్మిదేళ్ళ సెల్విన్ పన్ను నొప్పని చెప్పి ఇంట్లోంచి బయటపడ్డాడు. కొండ దిగివచ్చి కొంగబొమ్మ జెర్సీ తొడుక్కున్నాడు. రెండో నెంబరు, కుడివైపు చివర. నాలుగువేల మంది చూస్తుండగా బంతి అందుకుని పరిగెత్తాడు. కాళ్ళు నేలకి ఆనుతున్నాయో లేదో ఆయనకే తెలియలేదు. ఆ పరుగు చూసి జనం లేచి నిలబడ్డారు.

తరువాత పట్టుకుని పడేశారు. యూనియన్‌లో, పడిపోయినవాడు బంతిని వెంటనే వదిలెయ్యాలి. అది నియమం. లీగ్‌లో వదలకూడదు. గట్టిగా పట్టుకుని లేచి, కాలితో వెనక్కి తన్ని సొంతవాడికి అందించాలి. సెల్విన్‌కి ఇది తెలుసు. రాత్రంతా మననం చేసుకున్నాడు కూడా. కాని చేతులకి తెలియలేదు. పడగానే బంతిని చక్కగా నేలమీద పెట్టి వదిలేశాడు. అవతలివాడు దాన్ని ఎత్తుకుని వెళ్ళి ట్రై కొట్టాడు. అలా ఒకసారి కాదు.

ముప్ఫై ఒకటికి అయిదు పాయింట్లతో ఓడిపోయారు. క్లబ్బు అధ్యక్షుడు భుజమ్మీద చెయ్యేసి, "ఉత్తరం రాస్తాం నాయనా" అన్నాడు. ఉత్తరం రాలేదు. ఆ సాయంత్రం టీ బల్ల దగ్గర తండ్రి, "పన్నెలా ఉంది?" అని అడిగాడు. "తగ్గింది నాన్నా" అన్నాడు సెల్విన్. తరువాత తొమ్మిదేళ్ళు తండ్రిగారి క్లబ్బులోనే యూనియన్ ఆడాడు, నియమం ప్రకారం బంతి వదులుతూ.

ఏప్రిల్‌లో చేప పడిన ఆట రోజున, మ్యూరియల్ థ్వెయిట్, ప్రతి ఆటకీ జట్ల పేర్లతో అచ్చేసి అమ్మే పుస్తకంలో ఒక ప్రకటన వేయించింది. మ్యూరియల్ చరిత్ర టీచరుగా రిటైరైంది. రాజుల మీద విసుగుపుట్టి క్లబ్బు చరిత్ర పట్టుకుంది. క్లబ్బు పుట్టినప్పటి నుంచి కొంగ జెర్సీ తొడిగిన ప్రతి ఆటగాడికీ, మొదటి ఆట వరస ప్రకారం ఒక నెంబరు ఇస్తోంది. ఒక్క ఆట ఆడినా చాలు, నెంబరు వస్తుంది. మనిషి పోయినా నెంబరు పోదు. బతికున్నవాళ్ళందరినీ సెప్టెంబరులో, సీజన్ చివరి ఆట విరామంలో, మైదానంలో నిలబెట్టి పేరుపేరునా పిలుస్తారు. జాబితా అంతా తేలింది, ఒక్కటి తప్ప. "నాలుగు వందల ఎనభై ఏడు: ఇంకొకరు. కుడివైపు. ఒకే ఒక ఆట. ఈయన ఎవరో తెలిసినవారు దయచేసి చెప్పగలరు."

గూట్లో కూర్చుని అది చదివిన సెల్విన్, ఆ రోజు చుట్టానికి ఒక్క కథా చెప్పలేదు.

తన పేరు ఎప్పుడైనా, ఎక్కడైనా, ఎవరైనా గట్టిగా పిలిచారా అని ఇంటికెళ్ళి ఆలోచించుకున్నాడు. పళ్ళ డాక్టరు దగ్గర ఒకసారి పిలిచారు.

మ్యూరియల్ స్టాండు కింద చిన్న బల్ల వేసుకుని పాత ఆటల పుస్తకాలు అమ్ముతూ ఉండేది. తరువాతి ఆట రోజున సెల్విన్ అక్కడికి వెళ్ళాడు.

"చెప్పండి సెల్విన్ గారూ, ఏం కావాలి?"

"అదీ... డెబ్బై ఎనిమిదిలోది ఏదైనా ఉంటే..."

ఒకటి కొనుక్కుని వచ్చేశాడు. మేలో రెండుసార్లు వెళ్ళాడు, జూన్‌లో రెండుసార్లు.

"మళ్ళీ డెబ్బై ఎనిమిదేనా?" అంది మ్యూరియల్ కళ్ళజోడు పైనుంచి చూస్తూ. "పోయినసారి పట్టుకెళ్ళిందీ అదేనండీ. అదే ఆట."

"అవునండీ. బాగుంది. ఇదీ అలాగే ఉంటుందేమోనని."

అలా జూలై వచ్చేసరికి ఇంట్లో అయిదు పాత పుస్తకాలు పోగుపడ్డాయి. చెప్పాల్సిన మాట మటుకు కంఠంలోనే ఉంది. ఇంతలో రెజ్ ప్లాట్స్ ఆ మాట చెప్పేశాడు.

రెజ్ విరామంలో లాటరీ చీటీలు అమ్ముతాడు. ఇంటికప్పులు వేసే పని చేసి మానేశాడు. ఊళ్ళో జరిగిన ఏ విశేషం దగ్గరైనా తానున్నానని చెప్పడం ఆయన అలవాటు.

"ఆ నాలుగొందల ఎనభై ఏడు నేనేనమ్మా," అన్నాడు క్లబ్బు బారులో, గ్లాసు దింపి. "ఇన్నాళ్ళూ గొప్పలు చెప్పుకోవడం ఇష్టంలేక ఊరుకున్నా."

"నువ్వా? గొప్పలు ఇష్టంలేకా?" అన్నాడు బారు వెనకాలవాడు.

"అబ్బ, ఏం చలి ఆ రోజు! జనం చప్పట్లు చూడాలీ! ఇప్పటికీ చెవుల్లో మోగుతున్నాయి."

మ్యూరియల్ పెన్సిలుతో రెజ్ పేరు రాసుకుంది. కిటికీ పక్కన అరగ్లాసు బీరుతో కూర్చుని సెల్విన్ విన్నాడు. ముప్ఫై ఆరేళ్ళలో దొంగ గొడుగుదారుల్ని వందలమందిని చూశాడు. అబద్ధమాడేవాడు ఎప్పుడూ వస్తువు గురించి చెప్పడు, వాతావరణం గురించి చెబుతాడు.

ఆగస్టు మొదటి ఆదివారం, కొంగలు పదకొండో ఆట ఓడి వచ్చాక, మ్యూరియల్ బారులో చెంచాతో గ్లాసు కొట్టింది. లైబ్రరీలో ఆనాటి పత్రిక దొరికిందట. రెజ్ ఛాతీ ముందుకు పెట్టి నిలబడ్డాడు. ఆవిడ క్లాసులో పాఠం చదివినట్టు చదివింది:

"'హాగ్‌థోర్ప్ తరఫున కుడివైపు ఆడిన ఇంకొకరు అనే కుర్రవాడు పరుగులో లేడి, తెలివిలో కోడి. మూడుసార్లు పట్టుబడ్డాడు. మూడుసార్లూ బంతిని గుడ్డు పెట్టినట్టు నేలమీద పెట్టి పక్కకి తప్పుకున్నాడు. మూడుసార్లూ అవతలివారు దానిని ఏరుకుని వెళ్ళి గీత దాటారు. ఈ ఆట చేతులతో ఆడవలెనని ఆ అబ్బాయికి ఎవరైనా తెలియజెయ్యడం మంచిది.'"

బారు గొల్లుమంది. ఒకాయన బల్లమీద తలపెట్టి నవ్వాడు.

"ఆగండాగండి," అన్నాడు రెజ్. "ఏ తేదీ అన్నారు?"

"నవంబరు ఎనిమిది."

"ఎనిమిదా! అయితే కాదమ్మా. ఎనిమిదిన నేను బ్రిడ్లింగ్టన్‌లో మా అక్క పెళ్ళిలో ఉన్నాను."

"మరి చలో?"

"బ్రిడ్లింగ్టన్‌లో చలి ఉండదా?"

"చప్పట్లో?"

"పెళ్ళిలో కొట్టరా ఏమిటి!"

నవ్వు ఇంకో అల లేచింది. సెల్విన్ కూడా నవ్వాడు. అందరికంటే ఒక క్షణం ఆలస్యంగా మొదలుపెట్టి, ఒక క్షణం ముందే ఆపేశాడు. మ్యూరియల్ రబ్బరుతో రెజ్ పేరు తుడిచేసి, కాగితం మీద పడిన ముక్కల్ని ఉఫ్ అని ఊదేసింది.

ఆ వారమంతా సెల్విన్ ఇంట్లో నలుగురికి సరిపోయే టీ కుండలో ఒక్కడికే టీ పెట్టుకుంటూ ఆలోచించాడు. ఏప్రిల్‌లో ఆ నెంబరు ఒక గౌరవం. ఇప్పుడది నవ్వులాట. రెజ్ లాంటివాడే వద్దని పారేసిన వస్తువు. ఇంక దానికోసం ఎవడూ రాడు. అలాంటి వస్తువులు చివరికి ఎక్కడికి పోతాయో సెల్విన్ కంటే బాగా తెలిసినవాడు ఊళ్ళో లేడు. శనివారం కూర్చుని ఉత్తరం రాశాడు. మొదటిది నాలుగు పేజీలు వచ్చింది, చింపేశాడు. చివరికి మిగిలింది ఇంతే: "అమ్మా, ఆ నాలుగు వందల ఎనభై ఏడు నేను. బంతి వదిలినవాణ్ణి. — సెల్విన్ బూత్‌రాయిడ్ (హారన్)."

తరువాతి ఆట రోజున ఆ కవరుని మ్యూరియల్ బల్లమీద డెబ్బై ఎనిమిది పుస్తకాల కింద దోపి, ఆవిడ తల ఎత్తేలోగా నిచ్చెనెక్కేశాడు.

ఆట ముగియడానికి మూడు నిమిషాలుందనగా గూటి తలుపు తెరుచుకుంది. మ్యూరియల్ రొప్పుతూ నిలబడింది. చుట్టం లేచి తన కుర్చీ ఇచ్చాడు.

"సెల్విన్ గారూ, మీరు అబద్ధం చెప్పే మనిషిలా కనపడరు," అంది. "కాని రెజ్ తరువాత నాకు ధైర్యం చాలట్లేదు. ఒకసారి నవ్వారు. రెండోసారి నవ్వితే జాబితా మొత్తానికే విలువ పోతుంది. ఆనవాలేమైనా ఉందాండీ?"

ఆ మాట ఇటునుంచి వినడం సెల్విన్‌కి అదే మొదటిసారి.

"లేదండీ."

"ఫొటో?"

"ఫొటో ఉండుంటే మా నాన్న నన్ను ఇంట్లోంచి గెంటేసుండేవాడు."

"జెర్సీ?"

"తిరిగిచ్చేశాను. ఉతికే ఇచ్చాను."

"ఎవరికైనా చెప్పారా?"

"ఇప్పుడు మీకు."

"హారన్ బాబూ, హారన్!" అన్నాడు చుట్టం. పదకొండు సెకన్లు ఆలస్యమైంది. అదృష్టవశాత్తూ ఆ పదకొండు సెకన్లలో కొంగలు ఏమీ చెయ్యలేదు. ఆ ఏడు వాళ్ళు ఏమీ చెయ్యకపోవడంలో ఆరితేరి ఉన్నారు.

మ్యూరియల్ నిచ్చెన దిగుతూ చెప్పింది. ఆ రోజు ఆడిన జట్టులో ఇంకా బతికున్నది ఒక్కరే, ఆనాటి కెప్టెన్ ఆర్నల్డ్ స్పింక్. ఎనభై రెండేళ్ళు. వృద్ధుల ఆశ్రమంలో ఉన్నాడు. చివరి ఆటకి తీసుకొస్తానంది. ఆయన అవునంటే అవును. కాదంటే ఆ చోటు ఖాళీగానే వదిలేస్తుంది.

మూడు వారాలు గడవాలి. సెల్విన్ నల్లబూట్లకి పాలిష్ పెట్టాడు, మళ్ళీ పెట్టాడు. ఆర్నల్డ్ గుర్తుపట్టకపోతే తాను రెండో రెజ్ అవుతాడు. రెజ్‌కి పర్వాలేదు, నలుగురు స్నేహితులున్నారు, నవ్వుకుని బీరు పోయిస్తారు. తనకి ఉన్నది ఆ గూటిలో కుర్చీ ఒక్కటే. అబద్ధమాడాడన్న పేరుతో దాంట్లోకి మళ్ళీ ఎక్కలేడు. అడక్కుండా ఉండాల్సిందని రోజుకొకసారి అనుకునేవాడు. అడక్కపోతే ఏమయ్యేదో కూడా రోజుకొకసారి అనుకునేవాడు.

చివరి ఆట రోజు పొద్దున వానపడి వెలిసింది. రెండు గంటలకి మ్యూరియల్ చక్రాల కుర్చీని మైదానం గీత దగ్గరికి తోసుకొచ్చింది. అందులో ఆర్నల్డ్ స్పింక్, మోకాళ్ళమీద దుప్పటి, నాలుగుసార్లు విరిగిన ముక్కు. పక్కనే రెజ్ చీటీల సంచితో తిరుగుతున్నాడు. ఆటగాళ్ళు అవతల ఒళ్ళు వేడిచేసుకుంటున్నారు. సెల్విన్ టై కట్టుకుని వచ్చి నిలబడ్డాడు.

"ఈయనేనండీ," అంది మ్యూరియల్, ఆయన మంచిచెవి దగ్గర.

ఆర్నల్డ్ కిందినుంచి పైకి చూశాడు. "ఈ బట్టతలా? ఆ కుర్రాడికి జుట్టు కళ్ళలో పడేది."

"అప్పుడు ఉండేదండీ," అన్నాడు సెల్విన్.

"అప్పుడు అందరికీ ఉండేది. స్నానం తొట్టి పక్కన నీకు సబ్బు ఇచ్చిందెవరు?"

సెల్విన్ ఆలోచించాడు. "చూడలేదండీ. ఆట అయ్యాక నేను ఎవరి మొహమూ చూడలేదు. నేలకేసే చూశాను."

ఆర్నల్డ్ చాలాసేపు చూసి తల అడ్డంగా ఊపాడు. "ఏమోనమ్మా. గుర్తు రావట్లేదు. వందలమంది వచ్చారు, పోయారు."

"పర్వాలేదండీ," అన్నాడు సెల్విన్. "శ్రమపెట్టాను. నేను పైకి వెళ్ళాలి, ఆటకి టైమవుతోంది." ఆటకి ఇంకా యాభై నిమిషాలుంది. అప్పటికే నాలుగడుగులు వేశాడు.

"ఆగరా!" అన్నాడు ఆర్నల్డ్. ఆ గొంతుకి అవతల ఆటగాళ్ళు కూడా ఆగారు. "ఒరేయ్ రెజ్, గీత పక్కనున్న ఆ బంతి ఇలా తే. వాడికియ్యి. ఏయ్ బట్టతలా, నువ్వు పరిగెత్తు."

"ఎటండీ?"

"ఎటైనా ఏడువు. రెజ్, వాణ్ణి పడెయ్యి."

"పడెయ్యనా?" అన్నాడు రెజ్. ఆయన మొహం వెలిగిపోయింది. జీవితంలో మొదటిసారి ఒక విశేషం దగ్గర నిజంగానే ఉండబోతున్నాడు. చీటీల సంచి మ్యూరియల్ చేతిలో పెట్టేశాడు.

సెల్విన్ బంతి చంకలో పెట్టుకుని పరిగెత్తాడు. టై భుజమ్మీదికి ఎగిరింది. తడిగడ్డి మీద పాలిష్ బూట్లతో ఏడు అడుగులు. ఎనిమిదో అడుగులో రెజ్ నడుము పట్టుకున్నాడు, ఇద్దరూ కలిసి బురదలోకి వెళ్ళారు. పడుతూండగానే, ఇంకా ఊపిరి కూడా తీసుకోకుండా, సెల్విన్ చేతులు బంతిని శరీరానికి దూరంగా చాచి, పసిపిల్లని పడుకోబెట్టినట్టు గడ్డిమీద పెట్టి, వదిలేశాయి.

ఆర్నల్డ్ కుర్చీ చెయ్యిని దబదబా బాదాడు.

"వీడే! వీడే! రాసుకోమ్మా! ప్రపంచంలో ఇంకెవడూ శత్రువుకి బంతిని ఇంత మర్యాదగా అప్పగించడు!"

మ్యూరియల్ ఈసారి పెన్ను తీసింది.

నలభై నిమిషాలకి సరిగ్గా, ఒక్క సెకను అటూ ఇటూ కాకుండా, సెల్విన్ హారన్ మోగించాడు. "మీరు వెళ్ళిరండి, ఇది నేను చూస్తా" అన్నాడు ఆనాటి చుట్టం. మోకాళ్ళ దగ్గర బురద ఎండిన పంట్లాంతోనే కిందికి వచ్చాడు. మైదానం మధ్యలో, రాగలిగిన ఇరవై తొమ్మిది మంది ముసలివాళ్ళు చలికి చేతులు రుద్దుకుంటూ వరసగా నిలబడ్డారు. నెంబరు ప్రకారం ఆయన చోటు వేరే ఉంది, కాని ఆర్నల్డ్ తన పక్కనే నిలబడమన్నాడు. ఒక్కొక్క పేరు పిలిచినప్పుడల్లా స్టాండులో ఎక్కడో ఒక కుటుంబం లేచి కేకలు పెట్టేది, ఒక మనవరాలు తాతా అని అరిచేది.

"నాలుగు వందల ఎనభై ఏడు, సెల్విన్ బూత్‌రాయిడ్!"

ముందు "ఎవరూ? హారనాయనా?" అని ఒక గొంతు. తరువాత చప్పట్లు, రేకుల కప్పుమీద వాన మొదలైనట్టు అక్కడొకటి, ఇక్కడొకటి, తరువాత అన్నీ కలిసి. అవి ఎంతసేపు ఉంటాయో వినాలని ఆయన ఊపిరి బిగబట్టాడు. కొంచెంసేపే ఉన్నాయి. స్టాండులో వెతుక్కోవడానికి ఎవరూ లేరు కాబట్టి అలవాటుగా గూటివైపు చూశాడు. అద్దం వెనక చుట్టం ఫ్లాస్కు మూత పైకెత్తి చూపించాడు. తరువాతి పేరు పిలిచారు.

ఆర్నల్డ్ దుప్పటిలోంచి చెయ్యి తీసి ఆయన కోటు అంచు పట్టి లాగాడు.

"నలభై ఎనిమిదేళ్ళయిందిరా. అందులో పంతొమ్మిదేళ్ళు పైన కూర్చుని మా ఆటే చూశావట. అయినా పడ్డావంటే బంతి వదిలేస్తావేంట్రా!"

సెల్విన్ టై సరిచేసుకున్నాడు.

"ఇంకొక్క వారం పరీక్షకి పిలిచుంటే నేర్చుకునేవాణ్ణే, కెప్టెన్ గారూ."